కథ చెప్పినోళ్ల చేతికే పైసలు రావాలె

(కళాకారుల, కార్యకర్తల సమావేశంలో మా బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఇయ్యాల మేం మాట్లాడబోయేది చిన్న విషయంగా అనిపించొచ్చు. కథలు రికార్డు చేసి వినేవాళ్లకు మనమే అమ్ముకునుడు. భూమి గురించి, కూలి గురించి, దాడుల గురించి మాట్లాడే వేదిక మీద ఈ అమ్మకాల ముచ్చటేందని కొందరు అడిగినరు. అడగనియ్యండి. భూమి లేనోళ్లకు మిగిలిన ఆస్తి గొంతే. దాన్ని ఎవరు కౌలుకు పట్టుకున్నరు, ఎంతకు పట్టుకున్నరు అని అడగకపోతే ఎట్ల?

ముందు మాకు జరిగింది చెప్తం. క్యాసెట్ల కాలంలో మా బృందం పెద్దోళ్లు పట్నంలో ఒక క్యాసెట్ల దుకాణం పిలిస్తే పోయి రాత్రంతా కథ చెప్పొచ్చినరు. బస్సు కిరాయి, భోజనం, తలా ఇన్ని పైసలు ఇచ్చి తెల్ల కాగితం మీద వేలిముద్రలు వేయించుకున్నరు. ఆ క్యాసెట్ జాతరల్లో అమ్ముడుపోయింది. ఎన్ని అమ్మినరో మాకు లెక్క చెప్పలేదు. అట్ట మీద దుకాణం పేరుంది, దేవత బొమ్మ ఉంది, చెప్పినోళ్ల పేరు లేదు. మా ముసలమ్మ ఒకామె తన గొంతు తాను వినడానికి జాతరలో పైసలు పెట్టి కొనుక్కున్నది! ఇప్పుడు అదే కథ ఫోన్లో వస్తున్నది. ఎవరో ఎక్కించినరు. మధ్యమధ్యల ప్రకటనలు వస్తున్నయి. ఆ ప్రకటనల పైసల్లో ఒక్కటి కూడా ఆమె ఇంటికి రాలేదు.

వినేవాళ్లు నేరుగా చెప్పేవాళ్లకు ఇచ్చుకునే పద్ధతి మనకు కొత్త కాదు. డక్కలోళ్లు పటం విప్పి జాంబపురాణం చెప్తే మాదిగవాడ వాళ్ల మిరాశి ఇచ్చేది. చిందోళ్లకూ అంతే. మధ్యల దళారి లేడు. అయితే ఇక్కడ ఒక నిజం దాచొద్దు. మిరాశి ఇచ్చిన మనమే డక్కలోళ్లను గడప తొక్కనియ్యలేదు. ఊరు మనకు చేసింది మనం వాళ్లకు చేసినం. కాబట్టి పాత పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చుకుందామని మేం అనడం లేదు. చెప్పేటోళ్లకు, వినేటోళ్లకు మధ్య ఉన్న ఆ నేరు సంబంధం కావాలె. అంటు వద్దు, దయ వద్దు. ధర కావాలె.

ఇంకోళ్ల దుకాణంలో మన సరుకు పెట్టుకుందామంటే ఏమైతదో బాబాసాహెబ్‌కు ముందే అనుభవం. 1920 జనవరి 31న ఆయన మూక్‌నాయక్ పత్రిక మొదలుపెట్టినప్పుడు, పైసలిస్తామన్నా దాని ప్రకటన వేయడానికి కేసరి పత్రిక ఒప్పుకోలేదు. ఇప్పటి పెద్ద యాప్‌లు మనల్ని కాదని మొహం మీద అనవు. తీసుకుంటయి. తీసుకొని ఎక్కడో అడుగున పడేస్తయి. ఎవరు విన్నరో, వాళ్లది ఏ ఊరో మనకు చెప్పవు. వినేవాళ్ల జాబితా వాళ్ల దగ్గర ఉంటది, మన దగ్గర గొంతునొప్పి ఉంటది.

పైసల లెక్క కూడా చూడండి. ఆడియో పుస్తకాల పెద్ద దుకాణం ఆడిబుల్ 2014 తర్వాత చాలా ఏండ్లు సొంతంగా రికార్డు చేసుకున్న రచయితలకు నూటికి 40 ఇచ్చింది. అదీ ఇంకెక్కడా అమ్మనని రాసిస్తేనే. వేరే చోట కూడా అమ్ముకుంటనంటే 25. ఫోన్లలోని యాప్ దుకాణాలు ఏండ్ల తరబడి నూటికి 30 పట్టుకొని, లోకమంతా గొడవ చేసినంక 2021లో చిన్నవాళ్లకు 15 చేసినయి. 2016లో వచ్చిన యూపీఐ మీద 2020 జనవరి నుంచి అమ్మేవాళ్ల దగ్గర రుసుము తీసేసినరు. అంటే కోడ్ చూపించి వంద రూపాయల కథ అమ్మితే వందా మన ఖాతాల పడుతయి.

మేం చేస్తున్నది ఇంతే. ఒక అర్ర గోడలకు బొంతలు కట్టి ఫోన్ తోనే రికార్డు చేస్తున్నం. (కోళ్లను మాత్రం ఆపలేకపోతున్నం.) మొదటి భాగం ఉత్తగనే ఇస్తం. మిగిలిన భాగాలకు పైసలు. నెట్ లేనోళ్లకు మెమరీ కార్డులో ఎక్కించి ఇస్తం. కొన్నవాళ్ల నంబరు అడిగి, వాళ్లు సరే అంటే నోట్‌బుక్కుల రాసుకుంటం. కొత్త కథ వస్తే వాళ్లకే మొదట చెప్తం. ఒకరు కొంటే పదిమంది పంచుకుంటరు గద అంటరు. పంచుకుంటరు. కథ చివర చెప్పినోళ్ల పేరు, పైసలు పంపే నంబరు గొంతుతోనే చెప్తం. పంచుకున్నోళ్లలో కొందరు పంపుతున్నరు, కొందరు లేదు.

ధర మీద మాలో మాకే కొట్లాట అయింది. కూలోళ్ల దగ్గర పైసలు తీసుకునుడేందని ఒకరు, కథ చెప్పేటామె కూడా కూలే గద అని ఇంకొకరు. చివరికి, ఇయ్యలేనోళ్లకు ఉత్తగ, ఉద్యోగస్తులకు పూర్తి ధర అని పెట్టుకున్నం. వాటాలు చెప్పినోళ్లకు, రాసినోళ్లకు, రికార్డు చేసిన పిల్లలకు ఆ రోజే అందరి ముందట పంచుతున్నం. చెప్పినామెకు ఎక్కువ రావాల్నా, రాసినాయనకా అన్నది ఇంకా తెగలేదు. మా మాటైతే చెప్పినామెకే.

ఇగ కాగితాల సంగతి. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించినరు. రికార్డుకెక్కిన రచన మీద హక్కులు రాసిచ్చినా సరే, రాయల్టీలో సమాన వాటా పొందే హక్కును రచయిత వదులుకోలేడు. వారసులకో, కాపీరైటు సొసైటీకో తప్ప ఇంకెవరికీ రాసియ్యలేడు. కాగితంలో గడువు రాయకపోతే అయిదేండ్లే. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. అందుకే దళారి కాగితంలో ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అని ముందే రాసుకొస్తడు. చెప్పినోళ్లకు, పాడినోళ్లకు ప్రదర్శకుల హక్కు వేరేగ ఉంది, 50 ఏండ్లు. ప్రదర్శకులు ఎవరో చెప్తూ ఆ చట్టం పాములాడించేటోన్ని, గారడీ చేసేటోన్ని కూడా లెక్కల వేసింది. కథ చెప్పే మన ముసలమ్మ అందుట్ల ఎందుకు రాదు?

కోతలయినంక మా అర్ర ఖాళీగ ఉంటది. ఏ వాడ నుంచైనా వచ్చి రికార్డు చేసుకోవచ్చు, కిరాయి లేదు. డక్కలోళ్లను మేమే పోయి పిలుస్తం. వాళ్లు లోపల కూసొని చెప్తరు, అందరం ఒక్క దగ్గరే తింటం. అప్పటిదాక ఎవరన్నా కాగితం తెచ్చి సంతకం పెట్టుమంటే పెట్టకుండ మా దగ్గరికి తేండ్రి. చదివి పెడతం.