"తీశాడా?" అని కాదు, "రుజువేది?" అని అడగండి
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా కోవూరులో జరిగిన సభలో గిరిజన బాలుర వసతి గృహం వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)

 

ఏటా నన్ను చదువు గురించి మాట్లాడమంటారు. ఈసారి కోర్టు గురించి, జైలు గురించి మాట్లాడతాను. బీఈడీ చదివి వార్డెన్ అయినదానికి కోర్టుతో పనేంటని మీరు అనుకోవచ్చు. కొన్నేళ్ల కిందట ఒక తల్లి తెల్లవారుజామున వచ్చి మా గేటు తట్టేదాకా నేనూ అలాగే అనుకున్నాను.

ఆమె కొడుకు మా దగ్గరే పదో తరగతి చదివాడు. ఇంటర్‌లో చేరకుండా రొయ్యల గుంటల దగ్గర కాపలాకు కుదిరాడు. ఒక రాత్రి గుంట మీద మోటారు పోయింది. ఎవరు తీశారని ఎవరూ వెతకలేదు. "యానాదోడే తీసుంటాడు" అన్నారు, అంతే. పిల్లవాణ్ణి తీసుకెళ్లి రెండు రాత్రులైంది. ఊరి పేరు, స్టేషన్ పేరు నేను చెప్పను. అది ఒక్క ఊరి కథ కాదని మీకూ తెలుసు.

నేను ఆ తల్లిని అడిగిన మొదటి మాట ఏంటో తెలుసా? "తీశాడా అమ్మా?" అని. ఆమె నేలచూపులు చూసింది. "ఒప్పుకుంటే వదిలేస్తామంటున్నారు టీచరమ్మా, ఒప్పుకోమని చెప్పమంటావా?" అంది. నాకూ అదే మంచిదనిపించింది. ఏదో ఒకటి ఒప్పుకుని బయటపడితే చాలనుకున్నాను. ఆ మాట తలచుకుంటే ఇవాళ్టికీ సిగ్గేస్తుంది.

ఎందుకైనా మంచిదని నెల్లూరులో క్రిమినల్ కేసులు వాదించే ఒక లాయరు గారికి ఫోన్ చేశాను. ఆయన మూడే ప్రశ్నలు అడిగారు. ఎప్పుడు తీసుకెళ్లారు? ఏదైనా కాగితం ఇచ్చారా? పిల్లవాడి వయసెంత? తీశాడా లేదా అని మాత్రం ఆయన అడగలేదు.

వయసు పంతొమ్మిది ఉండొచ్చని చెప్పాను. మనిషి ఎత్తరి. "ఉండొచ్చు కాదమ్మా, రిజిస్టర్ చూడండి" అన్నారు. అడ్మిషన్ రిజిస్టర్ తీసి చూస్తే పదిహేడేళ్ల నాలుగు నెలలు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం పద్దెనిమిది నిండని పిల్లవాణ్ణి లాకప్‌లో గానీ జైల్లో గానీ ఉంచకూడదు. వయసు తేల్చడానికి ముందు చూసేది బడి ఇచ్చిన పుట్టినతేదీ సర్టిఫికెట్, లేదా పదో తరగతి సర్టిఫికెట్. ఆ కాగితాలు పట్టుకుని లాయరు గారు వెళ్లారు. కేసు జువెనైల్ జస్టిస్ బోర్డుకు పోయింది. పిల్లవాడు ఆ సాయంత్రమే తల్లి దగ్గరికి వచ్చాడు. ఆ తరవాత ఏ రుజువూ దొరకలేదు, కేసు నిలబడలేదు. ఆ మోటారు ఎవరు తీశారో ఇవాళ్టికీ నాకు తెలియదు.

తరవాత ఒకసారి ఆయన్ని అడిగాను. "అయ్యా, తప్పు చేసినవాళ్ల తరఫున కూడా మీరు వాదిస్తారు గదా, మనసెలా ఒప్పుతుంది?" అని. ఆయన చెప్పిన మాట నాకు అర్థమైనట్టు చెప్తాను. చేశాడో లేదో తేల్చే పని లాయరుది కాదు, కోర్టుది. కోర్టు తేల్చాలంటే రుజువు కావాలి. రుజువు చూపించాల్సింది నేరం మోపినవాళ్లు. ఆ రుజువు గట్టిదా కాదా అని గీటురాయి మీద పెట్టి చూడటమే డిఫెన్స్ లాయరు పని. ఆ పని జరగకపోతే మిగిలేది అనుమానం ఒక్కటే. అనుమానం ఎప్పుడూ బలహీనుడి గుమ్మం ముందే ఆగుతుంది.

మన గుమ్మం ముందు అది ఎన్నాళ్లుగా ఆగి ఉందో చూడండి. 1871లో తెల్లదొరలు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. 1911 తరవాత అది మన మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఫలానా తెగలో పుడితే చాలు, నేరస్తుడే అని రాసుకున్న చట్టం అది. ఎరుకలవాళ్లు, మన యానాదులు కూడా దాని కిందికి వచ్చారు. పేరు నమోదు చేయించుకోవాలి, పోలీసుల ముందు హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి కావాలి. మన జిల్లాలోనే కప్పరాళ్లతిప్పలో అలాంటి సెటిల్‌మెంట్ ఉండేది.

దాని మీద పోరాడినవాళ్లలో మన నెల్లూరు జిల్లా మనిషి వెన్నెలకంటి రాఘవయ్య గారు ఉన్నారు. న్యాయవాదిగా ఉండి, స్వాతంత్ర్య పోరాటంలోకి దిగి, యానాదుల కోసం జీవితమంతా పనిచేశారు. 1973లో పద్మభూషణ్ అందుకున్నారు. మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. చట్టం పోయింది గానీ "యానాదోడే తీసుంటాడు" అనే మాట పోలేదు. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, సుకన్య శాంత కేసులో, జైలు నియమావళుల్లో కులాన్ని బట్టి పని పంచడాన్ని, విముక్త జాతుల మీద ఉన్న రాతలను రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. అంటే అప్పటిదాకా ఆ రాతలు పుస్తకాల్లో ఉన్నాయన్నమాట.

మీలో చాలామంది "జై భీమ్" సినిమా చూశారు. సినిమాలో ఇరులర్లుగా చూపించారు. 1993లో తమిళనాడులో అసలు జరిగిన కేసులో చనిపోయిన రాజాకన్ను కురవర్ తెగవాడు. ఆయన భార్య తరఫున నిలబడిన లాయరు చంద్రు గారు తరవాత హైకోర్టు జడ్జి అయ్యారు. మన తెలుగునాట కె.జి. కన్నబిరాన్ గారున్నారు. బాల్యం నెల్లూరులో గడిచిన మనిషి. శ్రీకాకుళం గిరిజన ఉద్యమం మీద పెట్టిన పార్వతీపురం కుట్రకేసులో ముద్దాయిల తరఫున నిలబడ్డారు. 2010లో కన్నుమూశారు. ఆయన తెలుగు ఆత్మకథ పేరు "24 గంటలు". ఆ పేరు చూసినప్పుడల్లా నాకు ఒక నియమం గుర్తొస్తుంది. అరెస్టు చేసిన మనిషిని ప్రయాణ సమయం పోను 24 గంటల లోపల మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. రాజ్యాంగం 22వ అధికరణంలో ఉంది. మా పిల్లవాడు రెండు రాత్రులు ఉన్నాడని చెప్పాను గదా, లెక్క మీరే వేసుకోండి.

ఇక జైలు సంగతి. దేశంలోని జైళ్లలో 2022 చివరికి 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నలుగురిలో ముగ్గురికి నేరం ఇంకా రుజువు కాలేదు. వీళ్లలో బెయిలు వచ్చినా బయటికి రానివాళ్లు ఉంటారు. జామీనుకు పట్టాదారు పాస్‌పుస్తకం, ఇంటి పన్ను రసీదు అడుగుతారు. గుంట గట్టు మీద గుడిసె వేసుకున్నవాడికి అవి ఎక్కడివి? 1978లో మోతీరాం అనే తాపీమేస్త్రీకి పదివేల జామీను అడిగి, అన్న ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఆ జామీను కాదన్నారు. అది తప్పని జస్టిస్ కృష్ణయ్యర్ చెప్పారు. పేదవాడి బెయిలు పేదరికం వల్ల ఆగకూడదన్నది ఆ తీర్పు సారం. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టం, బీఎన్‌ఎస్‌ఎస్ 479వ సెక్షన్ ప్రకారం, మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణ ఖైదీగా గడిపితే విడుదల చేయాలి. ఉరి, యావజ్జీవం పడే నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవాళ్లకు ఇది వర్తించదు. అందుకే చిన్న కేసు ఒప్పేసుకోవద్దంటాను. ఇవాళ జరిమానా కట్టి బయటపడతావు. రేపు ఊళ్లో ఇంకో మోటారు పోతే మొదట వెతికేది నీ పేరే.

పిల్లలూ, నాలుగు మాటలు గుర్తుపెట్టుకోండి.

ఒకటి. ఎవరినైనా తీసుకెళ్తే తేదీ, టైము రాసిపెట్టండి. అరెస్టు కాగితం మీద ఇంటివాళ్లదో ఊళ్లో పెద్దమనిషిదో సంతకం ఉండాలని, ఇంటికి కబురు చేయాలని 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

రెండు. పోలీసుల ముందు ఒప్పుకున్న మాట కోర్టులో రుజువుగా చెల్లదు. తెల్ల కాగితం మీద, చదవని కాగితం మీద సంతకం గానీ వేలిముద్ర గానీ వేయకండి.

మూడు. షెడ్యూల్డ్ తెగవాళ్లకు ఆదాయంతో పని లేకుండా లాయరును ఉచితంగా ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టం చెబుతోంది. 15100కు ఫోన్ చేయండి. మేజిస్ట్రేటు ముందుకు తెచ్చినప్పుడు "నాకు లాయరు కావాలి" అని నోరు తెరిచి అడగండి.

నాలుగు. మీ తమ్ముళ్ల, చెల్లెళ్ల పుట్టినతేదీ, కుల ధ్రువీకరణ పత్రాలు జాగ్రత్త చేయండి. స్టడీ సర్టిఫికెట్ కోసం మా హాస్టల్‌కు ఏ వేళ వచ్చినా నేను తలుపు తీస్తాను.

ఆఖరి మాట. మనలోనూ తప్పు చేసేవాళ్లు ఉంటారు. చేస్తే శిక్ష పడనీ. కానీ అది రుజువుతో పడాలి, పుట్టుకతో కాదు. ఇక్కడున్న మీలో ఒక్కరైనా లా చదవండి. రేపు తెల్లవారుజామున ఇంకో తల్లి గేటు తడితే నేను ఫోన్ చేసే లాయరు మన పిల్లల్లో ఒకరై ఉండాలని నా ఆశ.