పాత కారు – అసలు భాగాలు

మిళిందుడనే యవనరాజు రథమెక్కి తన వద్దకు వచ్చినప్పుడు, ఆ రథమేదో చూపుమని నాగసేన భిక్షువు అడిగినట్లు బౌద్ధ వాఙ్మయంలో ఒక కథ ఉన్నది. ఇరుసు రథం కాదు. చక్రం రథం కాదు. నొగ రథం కాదు. మరి రథమంటే ఏది? చిన్ననాడు ఈ కథ విన్నప్పుడు ఇది వట్టి తర్కమని అనుకొన్నాను. మొన్న మా తండ్రిగారి కారు ముందు నిలబడినప్పుడు, ఇది మేస్త్రికి ఆ పూటనే సమాధానం చెప్పవలసిన ప్రశ్న అని తెలిసివచ్చినది.

మా తండ్రిగారు కాకినాడలో వైద్యులు. 1966లో ఆయన కొన్న ఫియట్ 1100 కారు ఇరవై ఏండ్లకు పైగా ఇంటి వెనుక షెడ్డులో ఉండిపోయినది. సముద్రపు గాలికి అడుగురేకు తుప్పుపట్టినది. మేస్త్రి అంతా పరీక్షించి రెండు మార్గాలు చెప్పాడు. పాత ఇంజను తీసివేసి నేటి చిన్న కారు ఇంజను అమర్చి, కొత్త రంగు వేయించడం ఒకటి. దొరికినంతవరకు అసలు భాగాలు సేకరించి, ఉన్నదానిని ఉన్నట్లే నిలబెట్టడం రెండవది. మొదటిది ఆరు వారాల పని అన్నాడు. రెండవదానికి గడువు చెప్పలేనన్నాడు.

మా తమ్ముడు మొదటిదే మేలన్నాడు. “అన్నయ్యా, నాన్నగారు ఈ కారు కొన్నది రోగుల ఇండ్లకు పోవడానికి గాని, షెడ్డులో పెట్టి పూజించడానికి కాదు గదా!” అని అతని వాదం. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. అందుచేత వెంటనే కాదనలేక, ఈ విషయాన్ని కొంత విచారించి చూశాను.

‘అసలు భాగం’ అని మనం సులువుగా అంటాము గాని, ఆ మాటకు అర్థాలు పలు విధాలు. కారుతోపాటు కర్మాగారం నుండి వచ్చిన భాగం మొదటిది. ఆ కాలంలోనే తయారై, వాడకుండా దుకాణంలో మిగిలిపోయిన భాగం రెండవది. అదే రకపు మరొక కారునుండి విప్పి తెచ్చినది మూడవది. పాత నమూనాను చూచి నేడు కొత్తగా చేసినది నాలుగవది. ఈ నాలుగింటినీ ‘ఒరిజినల్’ అనే అమ్ముతారు. కొనేవారు ఏ అర్థంలో అని అడగడం అవసరం.

మా కారు విషయంలో ఒక సౌకర్యం ఉన్నది. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు 1964 నుండి తయారుచేసిన ఈ 1100 డి రకమే 1974లో ‘పద్మిని’ అనే పేరు ధరించి, 2000 సంవత్సర ప్రాంతం వరకు వచ్చినది. 2023 అక్టోబరు వరకు బొంబాయి వీధులలో పద్మిని టాక్సీలు నడిచినవి. కనుక పిస్టన్లు, బేరింగులు మొదలైన యంత్రభాగాలు వెదికితే నేటికీ దొరుకుతాయి. దొరకనివి చిన్నవస్తువులు: దీపపు అంచు, తలుపు పిడి, ముందరి జాలీ. అవి ఒకసారి పోతే పోయినట్లే.

భాగాలన్నీ మారిన కారు పాత కారే అవుతుందా అనే ప్రశ్న 1990లో లండను న్యాయస్థానం ముందుకే వచ్చినది. ‘ఓల్డ్ నంబర్ వన్’ అనే బెంట్లీ కారు 1929లోను, 1930లోను లెమాన్ పందెం గెలిచినది. 1932లో బ్రూక్‌లాండ్స్ పందెంలో అది ప్రమాదానికి గురికాగా, నడుపుతున్న క్లైవ్ డన్ఫీ మరణించాడు. పిమ్మట దానిని తిరిగి నిర్మించారు. కోటి పౌండ్లకు బేరం కుదిరిన తరువాత, ఇందులో మొదటి కారు భాగాలు మిగిలినవి స్వల్పమని కొనుగోలుదారులు వాదించారు. భాగాలు మారినమాట నిజమే గాని, మార్పులన్నీ ఒకే కారు జీవితంలో ఎడతెగకుండా జరిగినవి గనుక ఆ పేరు దానికి చెల్లుతుందని న్యాయమూర్తి తీర్పు చెప్పారు. ఇనుము ఎంత మిగిలినదనే లెక్కకంటె, చరిత్ర తెగిపోకుండా ఉండడమే ముఖ్యమని ఈ తీర్పు భావం. నాగసేనుడు వింటే తల ఊపేవాడేమో!

పాత వాహనాల సంఘాలకు 1966లో ఏర్పడిన ‘ఫీవా’ అనే అంతర్జాతీయ సమాఖ్య ఉన్నది. అది ఆమోదించిన ట్యూరిన్ నియమావళి సారాంశం కూడ ఇంచుమించు ఇదే. ఉన్నదానిని కాపాడడం మొదటి మెట్టు. తిరిగి కొత్తగా చేయడం చివరి మెట్టు. చేసిన మార్పునంతా వ్రాసిపెట్టవలెను.

మన ప్రభుత్వం 2021 జూలైలో వింటేజి వాహనాలకు ప్రత్యేక నిబంధనలు ప్రకటించినది. ఏబది ఏండ్లు దాటి, ఛాసిస్‌లోగాని, బాడీలోగాని, ఇంజనులోగాని గణనీయమైన మార్పు లేకుండా ఉన్న వాహనానికే ఆ హోదా లభిస్తుంది. నంబరులో ‘వి ఏ’ అనే అక్షరాలు ఉంటాయి. కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు. అది పది సంవత్సరాలు చెల్లుతుంది. అయితే అటువంటి వాహనాన్ని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు తప్ప నిత్యం రోడ్డుపై తిప్పరాదు. అనగా ఇంజను మార్చితే హోదా పోతుంది. హోదా పొందితే రోజువారీ తిరుగుడు పోతుంది. మా తమ్ముని వాదంలోని బలమూ, నా వాదంలోని బలమూ ఒక్క నిబంధనలోనే ఎదురెదురుగా నిలిచినవి.

ఇక అసలు భాగమైతే చాలు, మంచిదే అనుకోవడం కూడ పొరపాటు. నాటి బ్రేకు లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండేది. దాని ధూళి ఊపిరితిత్తులకు హానికరం. నలుబది ఏండ్లు డబ్బాలో కదలకుండా ఉన్నా రబ్బరు ముసలిదవుతుంది గనుక, పాత టైరును, పాత బ్రేకు గొట్టాన్ని ప్రాణాలతో ముడిపెట్టరాదు. పెట్రోలు సైతం మారినది. నాటి పెట్రోలులోని సీసం వాల్వుల పీఠాలను అరగకుండా కాపాడేది. మన దేశంలో సీసపు పెట్రోలు 2000లో నిలిచిపోయినది. నేటి పెట్రోలులో ఇరువది వంతుల వరకు ఇథనాలు కలుస్తున్నది. అది పాత రబ్బరు గొట్టాలను, ఫ్యూయల్ పంపు పొరను మెత్తబరచి చెరుపుతుంది. అట్టి చోట మూలభాగం కావాలని పట్టుపట్టడం అగ్నితో చెలగాటం.

అడుగురేకు సంగతి ఇంకా గట్టిది. ఈ ఫియట్‌కు వేరే చట్రం లేదు, బాడీయే చట్రం. తుప్పు తిన్న రేకును జ్ఞాపకార్థం ఉంచితే, ఎదురుదెబ్బ తగిలిననాడు లోపలివారిని కాపాడేది ఉండదు.

ఇవన్నీ తూచి నేను మూడు ప్రశ్నలు వేసుకొన్నాను. ప్రాణానికి ముప్పు తెచ్చేది ఏది? అది మారవలసినదే. ఒకసారి తీసివేస్తే మళ్లీ రానిది ఏది? దానిని ముట్టరాదు. మార్చినదానిని రేపు ఎవరైనా తిరిగి యథాస్థానానికి తేగలరా? తేగలిగితే ఆ మార్పుకు అంతగా భయపడనక్కరలేదు.

ఆ ప్రకారం మేస్త్రికి ఇలా చెప్పాను. ఇంజను పాతదే ఉండవలెను. బోరు చేయించి కొత్త పిస్టన్లు వేయవలెను. తుప్పు తిన్నంతమేర రేకు కోసి, అదే ఆకారంలో కొత్త రేకు అతకవలెను. బ్రేకులు, టైర్లు, రబ్బరు, వైరింగు నేటివే కావలెను. రంగు మాత్రం, చెడినచోట తప్ప, వేయరాదు. డ్రైవరు సీటు చర్మం మార్చరాదు. విప్పిన ప్రతి భాగాన్నీ చీటీ కట్టి పెట్టెలో ఉంచవలెను.

సీటు సంగతి వినగానే మా తమ్ముడు వాదం మానుకొన్నాడు. ఆ చర్మంపై తండ్రిగారి మందులసంచి ఒరిపిడికి అరిగిన గుర్తు ఉన్నది. “దానినైతే నేను కూడ మార్చనిచ్చేవాడిని కాదులే” అన్నాడు. నిత్యం తిప్పుకోవడానికి ఇంట్లో వేరే కారు ఉన్నదని తరువాత తానే జ్ఞాపకం చేశాడు.

ఈ నిర్ణయం అందరికీ వర్తించదు. అదే కారు జీవనాధారమైనవాడు కొత్త ఇంజను వేయించుకొంటే తప్పుపట్టలేము. కాని ఇంట్లో పాతబండి ఉన్నవారు, మేస్త్రి చేతికి అప్పగించకముందే, తాము నిలుపదలచినది ఇనుమా, నడకా, జ్ఞాపకమా అన్నది తమలో తాము తేల్చుకోవడం మంచిది. విప్పిన తరువాత ఆ ప్రశ్నకు మనకు బదులు మేస్త్రి సమాధానం చెబుతాడు.