పెరటి ఫలవృక్షము – కత్తిరింపు ధర్మము



ఫలమిచ్చు వృక్షమును ఛేదించుట దోషమని మనమందరము విన్నవారమే. మనుస్మృతి 11వ అధ్యాయము అందులకు 100 ఋక్కుల జపమును ప్రాయశ్చిత్తముగా విధించినది. ఈ భయముచేతనే మన గృహస్థులు పెరటి మామిడిపై కత్తి పెట్టుటకు జంకుదురు. పదేండ్లు గడచునప్పటికి కొమ్మలు ప్రహరి దాటును, ఆకులు పొరుగువారి వాకిట రాలును, మాటా మాటా పెరుగును. తుదకు చెట్టు మొదలంట నరకబడును. చిన్న కత్తిరింపునకు సంకోచించినవారే పెద్ద దోషమునకు పాల్పడుదురు.

ఛేదనము వేరు, సంస్కారము వేరు. బాలునికి చౌలము చేయుట హింస కాదు గదా!

ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరాచార్యులు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదమున చెట్లకు నడుమ 20 మూరల ఎడము ఉత్తమమనియు, 16 మధ్యమమనియు, 12 కనిష్ఠమనియు చెప్పిరి. దగ్గరగా నున్నచో వేళ్ళు పెనగొని ఫలము తగ్గునని హేతువు చూపిరి. కోటబొమ్మాళిలో మూడు సెంట్లలో ఇల్లు కట్టుకొన్నవానికి అంత ఎడమెక్కడిది? అట్లని చెట్టును మానుకొననక్కరలేదు. ఆ కొలతలు స్వేచ్ఛగా పెరుగు వృక్షములకు. స్థలము చిన్నదైనపుడు చెట్టును చిన్నదిగా పెంచవలెను.

ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థవారు దసేరి, నీలం రకములను సంకరపరచి తెచ్చిన ఆమ్రపాలి మామిడి పొట్టి రకము. దానిని రెండున్నర మీటర్ల ఎడమున, అనగా సుమారు అయిదున్నర మూరలకు ఒకటి చొప్పున నాటుచున్నారు. జామ, దానిమ్మ, నిమ్మ సైతము కత్తిరింపునకు లొంగును. కొబ్బరిలో గోదావరిసీమ గంగబొండాము పుట్టుకతోనే పొట్టిది. దానికి కత్తిరింపు పనికిరాదు, మొవ్వు పోయినచో చెట్టే పోవును.

మామిడి అంటు మొక్క ఒకటిన్నర మూర ఎత్తునకు రాగానే తలచిగురు త్రుంచవలెను. పక్కకొమ్మలలో దిక్కునకొకటిగా మూడు నాలుగు ఉంచి తక్కినవి తీసివేయవలెను. అంటుకు దిగువనుండి వచ్చు చిగుళ్ళను ఉంచరాదు. అటుపై ఏటేట కాయలు దింపిన వెంటనే కత్తిరింపవలెను. మామిడికి పూత ముదిరిన కొమ్మల చివర వచ్చును గనుక శీతకాలమున కత్తిరించినచో ఆ యేటి ఫలము పోవును. జామకు మాత్రము క్రొత్త చిగుళ్ళపైననే పూత వచ్చును.

మరియొక ప్రయోజనము కలదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన పొరుగు ఉద్దానమున కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్లను విస్తారముగా నేలకూల్చిన సంగతి మీ రెరిగినదే. ఎత్తు తగ్గినకొలది చెట్టుపై గాలి తాకిడి తగ్గును, ఇంటికప్పునకు భయము తగ్గును.

ముసలితల్లి నిచ్చెన లేకయే కోయగలిగిన ఎత్తున చెట్టు నిలువవలెను. తొలికాపు కొత్తమ్మతల్లికి నివేదించి, ఆ ప్రసాదమును మొట్టమొదట ప్రహరి అవతలి యింటికి పంపుడు. చెట్టును కాపాడునది గోడ కాదు, పొరుగువారి ప్రీతియే.

స్వస్తి.