పొగ మానిన వైనము

(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ శిబిరములలో సాధారణముగ పన్నులు, పారిశుద్ధ్యము, మంచినీరు, వీధి దీపములు అను విషయములు చర్చకు వచ్చును. నేడు మాకు ఒసగిన విషయము ధూమపానము. ఇది ఎవరికి వారి సొంత వ్యవహారము గదా, పంచాయతీకి ఇందేమి పని అని మీలో కొందరు తలంపవచ్చును. ఇంటిలోని చెత్త ఇంటివారిదే. అది వీధిలో పడిన పిమ్మట పంచాయతీది అగుచున్నది. పొగయు అట్టిదే. కాల్చువాని నోటినుండి వెడలిన తరువాత అది ప్రక్కవాని ఊపిరిలోనికి పోవును. కావున ఈ విషయమున మీకు పని కలదు.

మేము ఈ సంగతులను కరపత్రములు చూచి మాత్రమే చెప్పుటలేదు. 2000 సంవత్సరమున సిగరెట్టు పట్టితిమి, 2018లో విడిచితిమి. పట్టుట ఎట్లు జరిగినదో, విడుచుట ఎట్లు సాధ్యమైనదో మీ ముందుంచిన యెడల, మీ గ్రామములలో మానదలచిన వారికి అది అక్కరకు వచ్చునని మా నమ్మకము.

అడ్డపొగ

మా స్వగ్రామము శ్రీకాకుళము జిల్లాలో సముద్రమునకు దాపున నున్నది. ఆ తీరమున చుట్ట పురుషులకే పరిమితము కాదు. అచ్చటి స్త్రీలలో పలువురు చుట్టను నిప్పువైపు నోటిలో నుంచుకొని కాల్చుట వాడుక. దానిని అడ్డపొగ యందురు. చేతినిండ పని యుండగ గాలికి చుట్ట ఆరిపోకుండుటకును, నుసి రాలకుండుటకును ఈ పద్ధతి వచ్చెనని పెద్దలు చెప్పుదురు. మా నాయనమ్మయు అట్లే కాల్చెడిది. ఊడ్పులలో వంగి యున్నప్పుడు సైతము ఆమె నోటిలోని చుట్ట కదలెడిది కాదు. మూసిన నోటితో ఆమె ముక్కునుండి పొగ విడుచుచుండగా పిల్లలందరు వింతగా చూచెడివారు.

నిప్పు వేడిమియు పొగయు నేరుగా అంగిలికి తగులుటచే అది తెల్లబడి మందమగును. అందు ఎఱ్ఱని చుక్కలు లేచును. కొందరికి అది పుండై, ఆ పుండు రాచపుండుగా మారును. అంగిలిలో రాచపుండు ఇతర ప్రాంతములలో అరుదు. అడ్డపొగ వాడుకగా నున్న మా తీరమున వైద్యులు దానిని తరచుగ చూచుచు వచ్చిరి.

మా నాయనమ్మకు తోచిన మొదటి గుర్తు కారము సహింపకపోవుట. ఆవకాయ లేనిదే ముద్ద దిగని మనిషి మజ్జిగ అన్నము తప్ప మరేదియు వద్దనసాగెను. వేడి చేసినదని ఇంటిలోని పెద్దలు చలువ మందులు ఇచ్చిరి. విశాఖపట్టణములోని ఆసుపత్రికి కొనిపోవునప్పటికి వ్యాధి ముదిరి యుండెను. ఆమె 1996లో కాలధర్మము చెందెను. మేమప్పుడు ఉన్నత పాఠశాలలో చదువుచుంటిమి.

చేతికి సిగరెట్టు

ఇంతటి దుఃఖము చూచిన ఇంటిలో సిగరెట్టు ఎట్లు ప్రవేశించినదని మీరు అడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనది. చుట్ట ముసలివారిది, సిగరెట్టు చదువుకొన్నవారిది అను భావము ఆనాటి విద్యార్థి వసతిగృహములలో గట్టిగ నుండెను. వెండితెరపై నాయకుడు సిగరెట్టును గాలిలోనికెగురవేసి పెదవులతో అందుకొనగా హాలంతయు ఈలలతో మారుమ్రోగెడిది. పొగ త్రాగనివానిని హేళన చేయుచు కన్యాశుల్కములో గిరీశము పలికిన మాటను కుఱ్ఱవారు ఒకరికొకరు అప్పగించుకొనెడివారు. గురజాడవారు ఆ మాటను పెద్దమనిషి నోట పెట్టక, పిల్లవానిని చెడగొట్టు మోసగాని నోట పెట్టిరని మాత్రము ఎవ్వరును తలచెడివారు కారు.

మొదటి పీల్పునకు దగ్గు, కన్నీరు, తలత్రిప్పు కలిగినవి. శరీరము వద్దని చెప్పుట అదియే. పిదప నెలకొకటి, వారమునకొకటి, దినమునకొకటి యగుచు, ఉద్యోగములో చేరునాటికి దినమునకు పది యయ్యెను. పొగాకులో నికోటిన్ అను పదార్థము కలదు. పొగ పీల్చిన పది క్షణములలోనే అది మెదడును చేరి ఇంచుక హాయి కలిగించును. ఆ హాయి తగ్గగనే చిరాకు పుట్టును. చిరాకు పోవుటకు మరొకటి వెలిగింపవలెను. మొదట సుఖము కొరకు కాల్చిన వాడు పిమ్మట బాధ తీరుటకు కాల్చును. అలవాటు యొక్క కీలకము ఇంతియే.

ఒక వృద్ధురాలి ప్రశ్న

2018లో విజయనగరము జిల్లాలోని యొక తీరగ్రామమున పొగాకు వలని కీడును గూర్చి బొమ్మల ప్రదర్శన జరిపితిమి. 2016 ఏప్రిల్ 1 నుండి సిగరెట్టు పెట్టెలపై నూటికి 85 వంతుల మేర వ్యాధుల బొమ్మలు ముద్రింపవలెనను నియమము అమలులోనికి వచ్చెను. ఆ బొమ్మలనే తెరపై చూపితిమి. సభ ముగిసిన పిమ్మట ప్రచార వాహనము చెంత నిలిచి సిగరెట్టు వెలిగింపగా, డెబ్బది ఏండ్ల వృద్ధురాలు దగ్గరకు వచ్చి, "బాబూ, పెట్టె మీద పుండు బొమ్మేసి మరీ అమ్ముతున్నారు గదా. తవరు దాన్ని సూసే కొంతన్నారా?" అని అడిగెను.

ఆమె మాటలో ఎగతాళి లేదు. తెలిసికొనగోరుట మాత్రమే యుండెను. పిమ్మట తన నోరు తెరచి చూపెను. దీపపు వెలుగులో ఆమె అంగిలి మా నాయనమ్మ అంగిలివలె తెల్లగ నుండెను. ఆశా కార్యకర్తతో మరునాడే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పొమ్మని చెప్పితిమి. చుట్ట మానవలెనంటిమి. దానికి ఆమె, "తవరు మానితే నానూ మానతాను బాబూ" అనెను. చుట్టునున్నవారు నవ్విరి. మేము సరేయంటిమి.

మాట యిచ్చిన తరువాత లెక్క మారెను. ఇక మేము పెట్టె కొనినచో అది ఆమె చుట్టను గూడ వెలిగించినట్లే. ఆమె అంగిలి పుండు కాకముందే నిప్పు ఆరవలెను.

విడిచిన విధము

ఒక తేదీ నిశ్చయించి ఇంటిలోను, కార్యాలయములోను చెప్పితిమి. ఇంటిలోని పెట్టెలు, లైటరు తీసివేసితిమి. మొదటి మూడు దినములు కడు కఠినములు. నిద్ర లేదు, చిన్నమాటకే కోపము, చేతులకు పని తోచదు. అయితే ఒక్క సంగతి గమనించితిమి. కాల్చవలెనను తహతహ ఎంత తీవ్రమైనను కొలది నిమిషములలో తనంతట తాను తగ్గును. ఆ కొలది నిమిషములు గడపుటయే మానుట. అప్పుడు ఒక గ్లాసు నీరు త్రాగుట, నాలుగడుగులు నడచుట, సోంపుగాని ఎండు ఉసిరి ముక్కగాని నోట వేసికొనుట మాకు ఉపకరించినవి. తేనీటితో సిగరెట్టు జోడు గనుక, రెండు మాసములు తేనీరు మాని మజ్జిగ త్రాగితిమి.

పదునొకండవ దినమున ఒక పెండ్లి పందిరిలో స్నేహితుల నడుమ మరల ఒకటి వెలిగెను. ఇట్లు జారుట మానువారిలో ఎక్కువమందికి కలుగునదే. అంతటితో పని చెడినదని విడువరాదు. మరునాడు 1800-11-2356 అను సంఖ్యకు ఫోను చేసితిమి. ఇది 2016లో కేంద్ర ఆరోగ్యశాఖ పొగాకు మానదలచినవారికై నెలకొల్పిన ఉచిత సేవ. వారు ఏ వేళలలో తహతహ కలుగునో అడిగి, ఆ వేళలకు తగిన ఉపాయము చెప్పిరి. వైద్యుని సలహాపై కొన్నివారములు నికోటిన్ గమ్ము నమలితిమి. నెల గడచునప్పటికి తహతహ చాలవరకు అణగెను.

పనసపొట్టు కూరలోని ఆవఘాటు మరల ముక్కుకు తెలియవచ్చెను. ఏడాది గడచిన తరువాత సింహాచలము మెట్లు ఆయాసము లేక ఎక్కితిమి. నాటి ధరకు దినమునకు నూరు రూపాయల చొప్పున ఏడాదికి 36,500 రూపాయలు మిగిలినవి; వానిని తపాలా పొదుపు ఖాతాలో వేసితిమి.

మరుసటి ఏట ఆ గ్రామమునకు పోయితిమి. వృద్ధురాలు చుట్ట మానినది. అంగిలిలోని తెలుపు తగ్గినదని వైద్యులు చెప్పిరట. "కూరలో కారం తగలతంది బాబూ" అని ఆమె మాకు చెప్పెను.

తెలియవలసిన లెక్కలు

2016-17లో జరిగిన జాతీయ పరిశీలన ప్రకారము మన దేశమున 15 ఏండ్లు పైబడినవారిలో నూటికి 28.6 మంది ఏదో యొక రూపమున పొగాకు వాడుచుండిరి. పొగాకు పొగలో వేలకొలది రసాయనములు కలవు. అందు దాదాపు డెబ్బది రాచపుండును కలిగించునవి. గుండెపోటు, పక్షవాతము, ఆయాసపు జబ్బులు దీనివలన హెచ్చును. క్షయవ్యాధి సోకు అపాయము పొగ త్రాగువారికి రెండింతలకు పైబడును.

మానుటకు వయస్సు మీరినదని ఎవ్వరును అనుకొనరాదు. బ్రిటన్ దేశమున 1951 నుండి ఏబదేండ్లపాటు వైద్యులనే పరిశీలించి 2004లో ప్రకటించిన ఫలితమును వినుడు. జీవితాంతము కాల్చినవారు కాల్చనివారికంటె సగటున పదేండ్లు ముందుగ మరణించిరి. ముప్పదవ ఏట మానినవారు ఆ పదేండ్లను దాదాపు పూర్తిగ తిరిగి పొందిరి. నలుబదవ ఏట మానినవారికి తొమ్మిది, ఏబదవ ఏట ఆరు, అరువదవ ఏట మూడు ఏండ్ల ఆయువు కలిసివచ్చెను.

పంచాయతీ చేయదగిన పని

2003 నాటి పొగాకు నియంత్రణ చట్టము బహిరంగ స్థలములలో ధూమపానమును నిషేధించినది. 2008 అక్టోబరు 2 నుండి అమలులోనికి వచ్చిన నియమములు దానిని మరింత విశదపరచినవి. పంచాయతీ కార్యాలయము, పాఠశాల, ఆసుపత్రి, కాఫీ హోటలు, బస్సు ఆగు స్థలము ఇందు చేరును. ఉల్లంఘించినవారికి 200 రూపాయల వరకు జుల్మానా కలదు. అట్టి స్థలములలో 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పునకు తగ్గని హెచ్చరిక పలక కట్టవలెను. పదునెనిమిదేండ్లు నిండనివారికి పొగాకు వస్తువులు అమ్మరాదు. విద్యాసంస్థలకు నూరు గజముల లోపల ఎవ్వరికిని అమ్మరాదు. మీ ఊరి బడి గేటునుండి నూరు గజములు టేపుతో కొలిపించి చూడుడు. ఏ దుకాణము లోపల నున్నదో తెలియును.

రచ్చబండవంటి ఆరుబయటి తావులకు చట్టము చేయి అందక పోవచ్చును. అచ్చట గ్రామసభ తీర్మానమే చట్టము. పెద్దలు తామే పాటించిన కట్టుబాటును పిల్లలు మీరరు.

రెండవ పని నోటి పరీక్ష. ముప్పది ఏండ్లు నిండిన వారికి నోటి రాచపుండు పరీక్ష ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమములో భాగము. మీ వార్డులో చుట్ట, బీడీ, ఖైనీ వాడు వారి పేర్లు ఆశా కార్యకర్తకు తెలియజేసి పరీక్షకు పంపుడు. కారము సహింపకపోవుట, మానని పుండు, తెల్లని మచ్చ కనబడినచో ఆలస్యము చేయరాదు. ముందుగ కనిపెట్టిన వ్యాధికి చికిత్స సులభము.

పొగాకు పండించు రైతును, బీడీలు చుట్టు అక్కచెల్లెండ్రను నిందించుట మా ఉద్దేశ్యము కాదు. వారి జీవనము వేరు ప్రశ్న. దానికి ప్రత్యామ్నాయ పంటలు, ఉపాధి చూపవలసియున్నది. కాని పంట పండించుట వేరు, పసివాని ఊపిరిలో పొగ నింపుట వేరు.

తుదకు ఒక్క మనవి. పలక కట్టుటకు ముందు మీ పంచాయతీ సభ్యులలో పొగ త్రాగువారు ఎందరో చూచుకొనుడు. వారు ఇద్దరిద్దరుగా ఒకరికొకరు మాట యిచ్చుకొనుడు. ఒంటరిగ విడుచుటకంటె తోడుతో విడుచుట తేలిక. ఏటేట మే 31న పొగాకు వ్యతిరేక దినము వచ్చును. ఆ నాడు గ్రామసభ కూర్చి, మానినవారిచేతనే ఆ పలకను కట్టింపుడు.

సెలవు.