కాగితం మీది గీత, చేలోని గట్టు
(హవల్లీ ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాటలకూ నాటికలకూ మధ్య, "రాజకీయాల్లో, చట్టాల్లో సిద్ధాంతానికి చోటెంత?" అన్న పొడి విషయం మీద మాట్లాడమని కార్యవర్గం వారు కోరినప్పుడు, వినేవారెవరని మేము జంకిన మాట నిజం. తీరా ఆలోచిస్తే ఈ హాల్లో కూర్చున్న ప్రతి కుటుంబానికీ ఇది ఇంటి గొడవే అని తోచింది. మనలో చాలామందిమి రాజంపేట, రాయచోటి, కడప పక్కలవాళ్ళం. గోదావరి జిల్లాలవారూ ఉన్నారు. హవల్లీలో అద్దె ఇల్లు, ఊళ్ళో నాలుగెకరాలు: మన ఆస్తి అంతే. ఆ నాలుగెకరాలు ఎవరివో తేల్చవలసింది కాగితం మీది గీతా, చేలోని గట్టా? మా ప్రసంగమంతా ఈ ఒక్క ప్రశ్నే.

సిద్ధాంతాన్ని అనుమానించిన పెద్దల్లో ముందుగా చెప్పుకోవలసినవాడు ఎడ్మండ్ బర్క్. ఐర్లండులో పుట్టి బ్రిటిష్ పార్లమెంటులో పేరు తెచ్చుకున్నవాడు. ఫ్రెంచి విప్లవం మీద ఆయన పుస్తకం 1790 లో వచ్చింది. తరతరాల అనుభవంతో ఎదిగిన వ్యవస్థను, గదిలో కూర్చుని ఊహించుకున్న సూత్రం కోసం కూలగొట్టవద్దన్నది ఆయన వాదన సారం. ఆయన ఫ్రాన్సు గురించే కాదు, మన గురించీ మాట్లాడాడు. ఆర్కాటు నవాబు అప్పుల మీద 1785 లో ప్రసంగించాడు. వారన్ హేస్టింగ్సు మీద 1788 నుంచి 1795 దాకా నడిచిన విచారణలో ముందు నిలిచాడు. హేస్టింగ్సు నిర్దోషిగా బయటపడ్డాడు. అయినా భారతదేశపు ప్రజలకు వారి చట్టాలు, వారి మర్యాదలు ఉన్నాయనీ, పాలించేవాడు వాటిని మన్నించాలనీ బర్క్ అన్న మాట మాత్రం నిలిచిపోయింది.

మన రైతుకు ఈ సంగతి బర్క్ చెప్పనక్కరలేదు. పంచాంగం వింటాడు, సిద్ధాంతికి దక్షిణ ఇస్తాడు. విత్తనం మాత్రం నేల పదును చూసే వేస్తాడు.

ఇక మన నేల సంగతికి వద్దాం. 1793 లో కారన్‌వాలిస్ బెంగాలులో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టాడు. భూమికి ఒక యజమానిని నిలబెట్టి, శిస్తును ఎప్పటికీ మారకుండా ఖాయం చేస్తే, అతడు ఇంగ్లండు భూస్వామిలాగా భూమిని బాగుచేస్తాడని సూత్రం. 1802 మొదలుకొని దానిని మన ఉత్తర సర్కారులకూ తెచ్చారు. రాజమండ్రి, మచిలీపట్నం ప్రాంతాల్లో ప్రభుత్వం చేతికిందే ఉన్న భూములను హవేలీ భూములనేవారు. మన హవల్లీకీ ఆ హవేలీకీ చుట్టరికం లేదు గాని, చెవికి మాత్రం అన్నదమ్ముల్లా వినిపిస్తాయి. ఆ హవేలీ భూములను ముఠాలుగా కోసి వేలం వేశారు. కొన్నవారిలో చాలామంది శిస్తు కట్టలేక చేతులెత్తేశారు. ముఠాలు తిరిగి సర్కారుకే వచ్చాయి. నేరమంతా సూత్రానిదే అనము. 1833 నాటి డొక్కల కరువు కూడా తన వంతు తాను తిన్నది. కాని కరువు వచ్చే దేశంలో ఏటా మారని శిస్తు పెట్టడమే గదా ఆ సూత్రం నేలను చూడలేదనడానికి గుర్తు!

అదే కాలంలో దత్తమండలాలకు, అంటే 1800 లో నిజాం ఇచ్చేసిన మన రాయలసీమకు, థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చాడు. ఏడేళ్ళు గుడారాల్లో బతుకుతూ ఊరూరా తిరిగాడు. లేని భూస్వామిని ఇక్కడ కొత్తగా పుట్టించడమెందుకని, చేలు కొలిపించి, రైతుతోనే నేరుగా లెక్క కుదుర్చుకున్నాడు. తాను వేసిన శిస్తు కూడా బరువైందని 1807 లో తానే ఒప్పుకొని, నాలుగో వంతు తగ్గించమని రాశాడు. పైవారు వినలేదు. ఊళ్ళను మొదట మూడేళ్ళకు, తరువాత పదేళ్ళకు గుత్తకిచ్చి చూశారు. అదీ చెడింది. చివరికి 1820 లో మన్రో గవర్నరుగా తిరిగివచ్చాక గాని రైత్వారీ మళ్ళీ నిలదొక్కుకోలేదు, ఆయన అడిగిన తగ్గింపూ రాలేదు. 1827 జూలై 6 న పత్తికొండలో కలరాతో కన్నుమూశాడు. గండి క్షేత్రంలో ఆయనకు బంగారు తోరణం కనిపించిందనీ, మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనతో మాట్లాడారనీ సీమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. పరాయి దొర చుట్టూ జనం ఇన్ని కథలు అల్లుకున్నారంటే ఊరికే కాదు.

అలాగని మన్రోను పటంకట్టి పూజించనక్కరలేదు. పాలెగాళ్ళూ పాత ఆచారమే. వాళ్ళను ఆయన నిర్దాక్షిణ్యంగా అణిచాడు. 1816 లో ఆయన పట్టుబట్టి తెచ్చిన పంచాయతీ న్యాయస్థానాలకు జనం అంతగా పోనేలేదు. రచ్చబండను రెగ్యులేషన్లో రాసేసరికి అది రచ్చబండ కాకుండా పోయింది. ఆచారాన్ని కాపాడతామనేవారు కూడా ఈ పాఠం మరచిపోకూడదు.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. 1961 లో గాజుల దశరథ రామారావు కేసులో సుప్రీంకోర్టు, వంశాన్ని బట్టి గ్రామ మునసబు పదవి ఇవ్వడం రాజ్యాంగపు సమానత్వానికి విరుద్ధమన్నది. 1984 జనవరి 6 న ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం ఆర్డినెన్సుతో గ్రామాధికారుల పదవులనే ఎత్తివేసింది. దానినీ సుప్రీంకోర్టు 1985 లో సమర్థించింది. సూత్రం న్యాయమైనదే. కాని కరణం గారి పెట్టెతోపాటు, ఏ చేను ఏ అన్న వాటాకు వచ్చిందో, ఏ చింతచెట్టు ఎవరి హద్దో అన్న జ్ఞాపకం కూడా పోయింది. తరువాత పేర్లు మారాయి: విలేజ్ అసిస్టెంట్, వి.ఏ.ఓ., వి.ఆర్.ఓ. ఆ జ్ఞాపకం మాత్రం తిరిగి రాలేదు.

దాని తరువాతిదే భూమి హక్కు చట్టం. 1858 లో దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టారెన్స్, ఓడల రిజిస్టరును చూసి, భూమికీ అలాంటి ఒకే రిజిస్టరు పెట్టించాడు. అందులో ఉన్న పేరే యజమాని, దానికి ప్రభుత్వమే పూచీ. అక్కడ వలసవచ్చినవారు అసలు జనాన్ని లెక్కచేయకుండా భూమిని కొత్తగా కోసుకున్నారు; ఖాళీ కాగితం మీద గీత తేలిక. మన కాగితం మీద అప్పటికే పారీఖత్తులు, నోటిమాట పంపకాలు, డి.కె.టి. పట్టాలు, యజమాని పేరుండవలసిన చోట చుక్కలే ఉన్న చుక్కల భూములు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ 2022 లో భూ యాజమాన్య హక్కు చట్టం చేసింది. 2023 అక్టోబరు 31 న అమల్లోకి వచ్చింది. రిజిస్టరులో ఎక్కిన పేరు మీద గడువులోగా అభ్యంతరం చెప్పకపోతే అదే ఖాయం. తగాదా సివిలు కోర్టుకు కాక ట్రిబ్యునలుకు. లాయర్లు ఆందోళన చేశారు, ఎన్నికల్లో అదే పెద్ద మాటైంది. 2024 జూలైలో శాసనసభ దానిని రద్దుచేసింది.

ఆ రోజుల్లో మా ఇంట్లో ఏమైందో చెబుతాము. మా తాతగారు పొలాన్ని కొడుకులకు నోటిమాటతోనే పంచారు. సాగు మాది, పాసుపుస్తకం పెదనాన్న గారి పేరు మీద. ఊళ్ళో రీసర్వే మొదలైందని ఫోను వచ్చింది. ఇక్కడ సెలవు దొరకలేదు. ఒక ముసలాయన కర్ర పట్టుకొని గట్టు వెంట నడిచి, "ఇదిగో, ఈ రాయి దాకా చిన్నోడిది" అని చెప్పాడు. పెదనాన్న గారూ ధర్మాత్ములు, కాదనలేదు. మా వాటా మాకు నిలిచింది. ఆ రాత్రి బర్క్ చెప్పిందంతా నిజమేననిపించింది.

మరుసటి నెలలో ఇంకో కబురు వచ్చింది. మా పక్క చేను, రెండు తరాలుగా దున్నుకుంటున్న మాలపల్లె కుటుంబానిది. దాని హద్దు అడిగితే అదే ముసలాయన "నాకు గుర్తు లేదు నాయనా" అన్నాడట. ఊళ్ళో మరెవరికీ గుర్తు రాలేదు. వాళ్ళను నిలబెట్టింది ట్రంకుపెట్టెలో మడతలు పడ్డ డి.కె.టి. పట్టా ఒక్కటే.

ఇది విన్న తరువాత మాకు నిద్ర పట్టలేదు. ఊరి జ్ఞాపకానికి మా రాయి గుర్తుంది. వాళ్ళ గట్టు గుర్తు లేదు. రచ్చబండ మీద ఎవరు కూర్చున్నారో వాళ్ళ సంగతులే రచ్చబండకు గుర్తుంటాయి. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గారు గ్రామాన్ని పొగిడేవారిని ఎందుకు గట్టిగా మందలించారో అప్పుడు బోధపడింది. సూత్రాన్ని అనుమానించవలసిందే, అదే చూపుతో అనుభవాన్నీ అనుమానించాలి, అది ఎవరి అనుభవమని అడగాలి.

మనం ఉన్న ఈ దేశమూ ఈ ముడిని విప్పుకోవలసి వచ్చింది. ఇక్కడ 1962 లో రాజ్యాంగం వచ్చినా దివానియాల కూడలి ఆగలేదు. 1980 లో సివిలు కోడు రాసినప్పుడు, చట్టంలో మాట లేని చోట ఆచారానికీ స్థానం ఉంచారు. ఆ దివానియాలోనూ పిలుపు అందినవాడిదే మాట గదా!

కనుక పిల్లలకు మా మనవి రెండే. ఈ వేసవిలో ఊరికి వెళ్ళినప్పుడు తాతగారితో గట్టు వెంట ఒకసారి నడవండి. ఆయన చెప్పినది రాయించి, అన్నదమ్ములందరూ సంతకం పెట్టి, రిజిస్టరు చేయించుకోండి. ఇంకొకటి: తిరిగివచ్చేటప్పుడు పక్క చేనువాళ్ళ హద్దు కూడా అడిగి తెలుసుకోండి. రేపు ఎవరైనా వచ్చి అడిగితే, "నాకు గుర్తుంది" అని చెప్పవలసినవాళ్ళు మీరే.