వార్ధక్యం వ్యాధి కాదు
(దేవస్థానం కల్యాణ మండపంలో యాత్రికులను ఉద్దేశించి ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



పుట్టిన ప్రతిదానికీ ఆరు వికారాలు ఉంటాయని యాస్కుని నిరుక్తం చెబుతుంది. పుట్టడం, ఉండడం, పెరగడం, మార్పు చెందడం, క్షీణించడం, నశించడం అనేవి ఆ ఆరు. వాటిలో ఐదవదైన క్షీణతను గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

వార్ధక్యం విషయంలో మనం రెండు విధాలుగా పొరబడుతున్నాం. కొందరు దానిని అంగీకరించక, యౌవనంలో వలెనే దేహాన్ని శ్రమపెడతారు. మరికొందరు వచ్చిన ప్రతి బాధనూ ‘వయసు మీద పడింది’ అని సరిపెట్టుకొని, చికిత్సకు లొంగే వ్యాధిని సైతం దాచుకుంటారు. రెండూ ప్రమాదకరమే. ఏది సహజమో, ఏది కాదో తెలుసుకోవడమే వివేకం.

నలభై ఏళ్లు దాటాక కంటిలోని కటకం బిరుసెక్కుతుంది. అందుకే పారాయణ గ్రంథాన్ని చేయి చాచి పట్టుకొని చదువుతాం. చెవి మొదట సన్నని ధ్వనులను కోల్పోతుంది. మాట వినబడుతుంది గాని, నలుగురి సందడిలో స్పష్టంగా తెలియదు. వెన్నుపూసల నడుమ ఉండే మెత్తలు పలచబడి ఎత్తు కొంచెం తగ్గుతుంది. కండ కొద్దికొద్దిగా తరుగుతుంది. స్త్రీలకు ముట్లు ఆగిన తరువాత ఎముకల గట్టిదనం త్వరగా తగ్గుతుంది. నిద్ర తేలికవుతుంది. తెలిసినవారి పేరు వెంటనే తోచక, కాసేపటికి గుర్తుకు వస్తుంది. ఇవన్నీ ఏళ్ల తరబడి నెమ్మదిగా వచ్చే మార్పులు.

వీటన్నిటి వెనుక ఉన్న సూత్రం ఒక్కటే. గాదెలో ధాన్యం తగ్గినా ఇంట్లో రోజూ వంట సాగుతూనే ఉంటుంది. పదిమంది చుట్టాలు వచ్చిననాడే లోటు తెలుస్తుంది. వృద్ధుల గుండె, మూత్రపిండాలు కూడా అంతే. మామూలు రోజున చక్కగా పనిచేస్తాయి. ఎండ, ఉపవాసం, మెట్లు, గంటల తరబడి నిలబడడం ఒక్కసారిగా కలిసినప్పుడు వాటి నిలువ చాలదు. తీర్థయాత్రలో ఎదురయ్యేది సరిగ్గా ఈ పరిస్థితే.

వయసుతో దాహం తెలియడం కూడా తగ్గుతుంది. దేహానికి నీరు అవసరమైనా నోరు అడగదు. దీనికి తోడు, వరుసలో ఉండగా మూత్రానికి వెళ్లవలసి వస్తుందేమోనన్న భయంతో మన తల్లులు ఉదయం నుంచి నీరు ముట్టరు. ఒకసారి అలాగే వచ్చిన ఒక పెద్దావిడ రక్తపోటు మాత్ర వేసుకొని, ఏమీ తాగకుండా నిలబడి, గర్భాలయం సమీపించగానే సొమ్మసిల్లారు. స్పృహ వచ్చాక ఆమె అడిగిన మొదటి మాట, ‘నాయనా, దర్శనం పోయిందా?’ అని. ఆ ప్రశ్నను నేను మరువలేదు. ఆ తల్లికి లోపించింది భక్తి కాదు, రెండు గ్లాసుల నీరు.

అందుచేత దాహం వేయకున్నా కొద్దికొద్దిగా నీరు తాగండి. గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుడు చెప్పిన కొలత పాటించాలి. మధుమేహం ఉన్నవారు వైద్యుని అడగకుండా ఉపవాసం చేయరాదు. పడుకొని లేచేటప్పుడు కాసేపు కూర్చొని, ఆపైన నిలబడండి. తిరుమలకు అలిపిరి నడకదారిలో 3,550 మెట్లు ఉన్నాయి. ఇంటివద్ద రోజూ నడిచే అలవాటు లేనివారు ఒక్కనాడు అన్ని మెట్లెక్కాలని పూనుకోవడం సాహసమే. బస్సులో వచ్చిన భక్తునికి స్వామి కటాక్షం తక్కువ కాదు. అలాగని నడక మానరాదు. కదలని కండ మరింత త్వరగా కరుగుతుంది. రోజూ కొంత నడక, కుర్చీలోంచి చేతి ఊతం లేకుండా లేచే సాధన, పప్పు, పెరుగు వంటి మాంసకృత్తులు గల ఆహారం ఏ వయసులోనైనా మేలు చేస్తాయి.

ఇక వయసుకు అంటగట్టకూడనివి చెబుతాను. ఛాతీలో బరువు, మూతి వంకరపోవడం, ఒక పక్క చేయి గాని కాలు గాని పడిపోవడం, మాట తడబడడం, అకస్మాత్తుగా తికమకపడడం కనబడితే క్షణం ఆలస్యం చేయక 108కు ఫోన్ చేయండి. కారణం లేకుండా బరువు తగ్గడం, తరచుగా పడిపోవడం, తెలిసిన దారి మరచిపోవడం, మలమూత్రాలలో రక్తం పడడం కూడా వార్ధక్య లక్షణాలు కావు. వెంటనే వైద్యునికి చూపించండి.

పిల్లలకు ఒక విన్నపం. తల్లిదండ్రుల నడకకు మీ నడకను తగ్గించుకోండి. వారు ‘నాకేం ఫరవాలేదు’ అన్నా ఒకటికి రెండుసార్లు అడగండి. దాతలకు మరొక విన్నపం. వరుసల వెంబడి కూర్చొనే బల్ల, తాగునీరు, దగ్గరలో మరుగుదొడ్డి, మెట్ల పక్క పట్టుకొనే కమ్మీ ఏర్పరచడం కూడా కైంకర్యమే. వాటి వల్ల ఒక వృద్ధురాలు నిర్భయంగా నీరు తాగి, స్వామిని కన్నులారా చూసి, క్షేమంగా ఇల్లు చేరుతుంది.

ఈ దేహం స్వామి మనకు అప్పగించిన ఆలయం. పాతబడిన ఆలయాన్ని మనం కూల్చము, పాడుపెట్టము. జాగ్రత్తగా దీపం పెట్టుకుంటాం. మన దేహాన్నీ అలాగే చూసుకుందాం.

స్వస్తి.