జోన్స్ అనే పేరు: తెలుగు భాషాచరిత్రలో ఒక బాకీ

మాస్టారి పేరిట ఏర్పడిన ధర్మనిధి ఉపన్యాసానికి పిలుపు రావడం ఆయన దగ్గర చదువుకున్న ఎవరికైనా గౌరవమే. ఈ ఉపన్యాసకుడు దాన్ని వినయంగా స్వీకరిస్తున్నాడు. మాస్టారి పాండిత్యం గురించి తెలిసినవారు సభలో చాలామంది ఉన్నారు కనుక ఆ మాటలు మళ్లీ ఎత్తుకోనక్కర్లేదు. ఆయన అలవాటు ఒకటి మాత్రం చెప్పాలి. ఏ పుస్తకం చేతికొచ్చినా ముందుమాటలో ఆఖరి పేరా తీసేవారు. ఎవరికి కృతజ్ఞత చెప్పారో చూసేవారు, ఎవరికి చెప్పలేదో కూడా చూసేవారు. అరువు తెచ్చుకున్న పుస్తకానికి అట్టవేసి తిరిగిచ్చేవారు. తానిచ్చిన పుస్తకాన్ని మాత్రం ఎన్నడూ అడిగేవారు కారు. అలా తిరిగి వెళ్లని పుస్తకాలు కొన్ని ఈ ఉపన్యాసకుడి దగ్గరే ఉన్నాయి. ఈ ప్రసంగానికి ఆధారాల్లో వాటికీ చోటుంది.

మాస్టారు జీవితమంతా ఇంటిపేర్ల మీద పనిచేశారు. కాబట్టి ఈ ఉపన్యాసం పేర్ల చరిత్రకు సంబంధించినదై ఉండాలన్నది ధర్మనిధి నియమం. ఈసారి ఎంచుకున్న ఇంటిపేరు మనది కాదు. వేల్స్ దేశంలో అన్నిటికంటే ఎక్కువమందికి ఉన్న జోన్స్ అనే పేరు.

వేల్స్‌లో పాతకాలంలో స్థిరమైన ఇంటిపేరు ఉండేది కాదు. కొడుకు పేరు పక్కన ‘ఆప్’ చేర్చి తండ్రి పేరు చెప్పేవారు. తరం మారితే ఆ రెండో పేరూ మారేది. 1536, 1543 చట్టాలతో వేల్స్ ఇంగ్లండు పాలనలో కలిసిపోయింది. కోర్టుల్లో ఇంగ్లీషు వచ్చింది, దస్తావేజుల్లో స్థిరమైన పేరు అవసరమైంది. జాన్ కొడుకు జోన్స్ అయ్యాడు, డేవిడ్ కొడుకు డేవీస్ అయ్యాడు, ఆప్ రీస్ కాస్తా ప్రైస్ అయింది. ఈ మార్పు ఒక్కరోజులో జరగలేదు. పల్లెల్లో రెండు మూడు శతాబ్దాలు పట్టింది. వాడుకలో ఉన్న పేర్లు కొద్ది కాబట్టి ఇంటిపేర్లూ కొద్దే మిగిలాయి. ఇద్దరు జోన్స్‌లు ఎదురుపడితే చుట్టరికం ఉందనుకోనక్కర్లేదు. ఎప్పుడో ఇద్దరు వేర్వేరు జాన్‌లు ఉన్నారని మాత్రమే అర్థం.

ప్రసిద్ధ జోన్స్‌ల జాబితా అందరికీ తెలిసిందే. పదిహేడో శతాబ్దపు ఇంగ్లండులో భవన నిర్మాణ రీతిని మార్చిన ఇనిగో జోన్స్, 1731 నుంచి ఊరూరా తిరిగే బడులు నడిపిన గ్రిఫిత్ జోన్స్, 1865లో వేల్స్ కుటుంబాలను మిమోసా ఓడలో పాటగోనియాకు పంపిన ప్రయత్నానికి మూలపురుషుడు మైకేల్ డి. జోన్స్, ఫ్రాయిడ్ జీవితచరిత్ర రాసిన ఎర్నెస్ట్ జోన్స్. బైబిలు కొనుక్కోవడానికి 1800లో బాలా పట్నానికి నడిచి వెళ్లిన మేరీ జోన్స్ కథ వేల్స్‌లో పిల్లలకు కూడా తెలుసు. గాయకుడు టామ్ జోన్స్ పుట్టింది వుడ్‌వర్డ్ ఇంటిపేరుతో. జోన్స్‌గా పుట్టిన లండన్ కుర్రవాడొకడు, అదే పేరుతో మరో గాయకుడు ఉన్నాడని, డేవిడ్ బోవీ అయ్యాడు. ఒకరు ఆ పేరు తెచ్చిపెట్టుకుంటే మరొకరు వదిలేసుకున్నారు.

ఈ వరుసలో మన దేశానికి సంబంధించినవారు ఇద్దరు. 1841లో చిరపుంజి చేరిన థామస్ జోన్స్ ఖాసీ భాషకు రోమన్ లిపిని వేల్స్ వర్ణక్రమం పద్ధతిలో అమర్చాడు. అక్కడ సి ఉండాల్సిన స్థానంలో ఖాసీ వర్ణమాలలో నేటికీ కె నిలబడి ఉంది. 1849లో ఆయన కలకత్తాలో చనిపోయాడు. మేఘాలయలో జూన్ 22న ఆయన దినం జరుపుతారు.

రెండోవాడు సర్ విలియం జోన్స్. అసలు తగవు అక్కడే ఉంది.

ఆయన తండ్రి పేరు కూడా విలియం జోన్స్. ఆంగ్లెసీ ద్వీపంలో పుట్టిన గణితవేత్త. వృత్త పరిధికీ వ్యాసానికీ ఉన్న నిష్పత్తికి ‘పై’ గుర్తును 1706లో తన పుస్తకంలో మొదట వాడినవాడు, న్యూటన్‌కు సన్నిహితుడు. ఆ గణితవేత్త తండ్రిని ఊళ్లో షోన్ షోర్ అని పిలిచేవారు. సర్ విలియం 1746లో లండన్‌లో పుట్టాడు, మూడేళ్లకే తండ్రిని పోగొట్టుకున్నాడు. 1783లో కలకత్తాకు సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా వచ్చాడు. 1784 జనవరిలో ఏషియాటిక్ సొసైటీ స్థాపించాడు, శాకుంతలాన్నీ మనుస్మృతినీ ఇంగ్లీషులోకి తెచ్చాడు, 1794లో అక్కడే కన్నుమూశాడు.

1786 ఫిబ్రవరి 2న సొసైటీ మూడో వార్షికోపన్యాసంలో ఆయనన్న మాట లోకానికంతటికీ తెలుసు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషలకు ఒకే మూలం ఉండి ఉండాలి, ఆ మూలభాష బహుశా ఇప్పుడు లేకపోవచ్చు అన్నాడు. భాషాశాస్త్రం ఆ రోజే పుట్టిందని మన పుస్తకాలు రాస్తాయి. తెలుగు భాషా చరిత్ర మొదటి అధ్యాయం కూడా ఆ వాక్యంతోనే తెరుచుకుంటుంది. ఆ అధ్యాయాన్ని అక్కడ మొదలుపెట్టడం తప్పని ఈ ఉపన్యాసకుడు చాలాకాలంగా వాదిస్తున్నాడు. ఒక పాఠ్యపుస్తక సంఘం ముందు లిఖితపూర్వకంగా ఇదే చెబితే, అందరూ అంగీకరించినదాన్ని కదపనక్కర్లేదని జవాబు వచ్చింది. అందరూ అంగీకరించినదాన్నే ఇక్కడ పరిశీలిద్దాం.

జోన్స్ తనకు తెలిసిన భాషల పట్టిక ఒకటి రాసి పెట్టుకున్నాడు. అందులో 28 భాషలున్నాయి. ఎనిమిది లోతుగా చదివినవి, ఎనిమిది నిఘంటువు సాయంతో అర్థమయ్యేవి, పన్నెండు కొద్దిగా పరిచయమున్నవి. తన పూర్వీకుల వెల్ష్ ఆ పన్నెండింటిలోకి చేరింది. టిబెటన్, కాప్టిక్, చైనీస్ కూడా ఉన్నాయి. తెలుగు లేదు, తమిళం లేదు, కన్నడం లేదు. 1786 ఉపన్యాసంలో పదాల పట్టిక గాని, ధాతువుల పోలిక గాని ఇవ్వలేదు. హిందీకి అడుగున ఉన్న భాష తాతారు దేశానిదో కల్దీయ దేశానిదో అన్నాడు. ప్రాచీన ఈజిప్టువారికీ పెరూవారికీ హిందువులతో చుట్టరికం కలిపాడు. అంటే అప్పటి బైబిలు వంశవృక్షంలోనే భాషలకు చోటు వెతికాడు.

దానికి పందొమ్మిదేళ్ల ముందు పాండిచ్చేరిలో ఒక ఫ్రెంచి జెస్యూట్ ఉన్నాడు. పేరు గాస్టన్ లారెంట్ కోర్దూ. తెలుగూ సంస్కృతమూ నేర్చుకున్నాడు, తెలుగు, ఫ్రెంచి, సంస్కృత పదాల నిఘంటువు కూర్చాడు. 1767లో పారిస్ విద్వత్సభకు లేఖ రాస్తూ దానం పక్కన దోనుం, అగ్ని పక్కన ఇగ్నిస్, విధవ పక్కన విదువా పెట్టి చూపించాడు. ‘అస్మి’ క్రియారూపాలను లాటిన్ రూపాలతో పోల్చాడు. ఇవి అరువు మాటలు కావని, ఒకే మూలం నుంచి వచ్చినవని వాదించాడు. ఆ లేఖ 1808 దాకా అచ్చు కాలేదు. హిందువుల ఆచారాల మీద అబ్బే దుబ్వా పేరుతో ప్రసిద్ధమైన పుస్తకం చాలావరకు కోర్దూ రాతే అని 1987లో సిల్వియా మూర్ నిరూపించారు. ఒకే మనిషికి రెండుసార్లు అన్యాయం జరిగింది.

వేల్స్‌లోనే చూసినా, ఎడ్వర్డ్ లాయిడ్ 1707లో వెల్ష్, కార్నిష్, బ్రెటన్, ఐరిష్ భాషల మాటలను పక్కపక్కన పేర్చి అచ్చువేశాడు. భాషలను పోల్చి చూడడం 1786లో ఆకాశం నుంచి ఊడిపడలేదు.

దీనికి వచ్చే మొదటి ఆక్షేపణ తెలిసిందే. అచ్చులోకి రాని లేఖ ఎవరినీ కదిలించలేదు, జోన్స్ మాట యూరప్‌ను కదిలించింది కదా అంటారు. నిజమే, కదిలించింది. యూరప్ భాషాశాస్త్ర చరిత్రకు అది మొదటి అధ్యాయం కావడానికి అభ్యంతరం లేదు. తెలుగుకు మాత్రం ఆ అధ్యాయం ఏం చేసిందో చూడాలి. దేశభాషలన్నిటికీ సంస్కృతమే తల్లి అనే నమ్మకానికి బలమిచ్చింది. 1814లో శ్రీరాంపూర్‌లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన విలియం కేరీ కూడా ఆ నమ్మకంతోనే తెలుగును సంస్కృత సంతానంలో చేర్చాడు.

ఆ లెక్కను మార్చింది మద్రాసు. 1812లో అక్కడ సెయింట్ జార్జి కోట కళాశాల ఏర్పడింది. దానికి ప్రాణం పోసినవాడు కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. 1816లో ఎ. డి. కాంబెల్ తెలుగు వ్యాకరణం అచ్చయినప్పుడు దాని పీఠికకు ఎల్లిస్ ఒక పెద్ద వివరణ చేర్చాడు. అందులో జోన్స్ చేయని పని చేశాడు. సంస్కృత ధాతువుల పక్కన అదే అక్షరంతో మొదలయ్యే తెలుగు ధాతువులు పెట్టి రెండూ వేరని చూపాడు. అవే తెలుగు ధాతువులను తమిళ, కన్నడ ధాతువుల పక్కన పెట్టి ఈ మూడూ ఒకటని చూపాడు. తర్వాత మాటలు, ఆ తర్వాత వాక్యాలు. ఎవరైనా సరిచూసుకోగల రుజువు అది. చెయ్యి, కై, కన్ను, కణ్, ఊరు, ఊర్, మూడు, మూన్‌ఱు అని తెలుగు, తమిళం వచ్చిన పిల్లవాడు కూడా ఇవాళ ఆ రుజువును కొనసాగించగలడు. కాల్డ్వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం 1856లో వచ్చేసరికి ఎల్లిస్ వాదానికి నలభై ఏళ్లు.

రెండో ఆక్షేపణ గట్టిది. భాషలకు కుటుంబాలుంటాయన్న ఊహ లేకపోతే ఎల్లిస్‌కు ఈ ఆలోచనే తట్టదు, ఆ ఊహ కలకత్తాదే కదా అంటారు. సగం ఒప్పుకోవచ్చు. రెండో సగం ఎక్కడినుంచి వచ్చింది? తెలుగు వ్యాకరణాల నుంచి. తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అనే విభాగం మనవాళ్లు శతాబ్దాలుగా వాడుతున్నదే. సంస్కృతం నుంచి వచ్చిన మాటలు ఒక పక్కకు తీసిపెట్టగా మిగిలిన దేశ్యంలోనే తమిళ, కన్నడాలతో చుట్టరికం కనబడింది. ఆ విభాగాన్ని ఎల్లిస్ మామిడి వెంకయ్య ఆంధ్రదీపిక నుంచి తీసుకుని ఇంగ్లీషులో వివరించాడు. వెంకయ్య మచిలీపట్నం వర్తకుడు, అకారాది క్రమంలో తెలుగు నిఘంటువు కూర్చిన తొలితరం వాడు. ధాతువుల పట్టిక కళాశాల పండితుడు వేదం పట్టాభిరామశాస్త్రి సిద్ధం చేసినది. యూరప్ నుంచి వచ్చిన కుటుంబ భావనా, ఇక్కడి వ్యాకరణ సంప్రదాయమూ కలిసి ఈ నిరూపణ సాధ్యమైందని థామస్ ట్రౌట్‌మన్ 2006 గ్రంథంలో విస్తారంగా చూపించారు. అది వచ్చి ఇన్నేళ్లయినా మన మొదటి అధ్యాయం 1786 దగ్గరే ఆగి ఉంది.

మూడో ఆక్షేపణ మర్యాదకు సంబంధించింది. జోన్స్ సంస్కృతాన్ని గౌరవించాడు, మనం ఆయన్ను తక్కువ చేయకూడదంటారు. ఆయన్ను తక్కువ చేయడం లేదు. ఆయనకు సంస్కృతం నేర్పిన రామలోచనుడు, ధర్మశాస్త్ర సంకలనం చేసిన జగన్నాథ తర్కపంచాననుడు ఆ గౌరవంలో భాగస్వాములని అడుగుతున్నాం. జోన్స్ స్థాపించిన సొసైటీలో 1829 దాకా భారతీయులకు సభ్యత్వమే లేదు. ఆ తర్వాత కూడా పరిస్థితి ఎలా ఉందో ఏలూరు కావలి సోదరుల కథ చెబుతుంది. కర్నల్ మెకంజీకి కైఫీయతులు, శాసనాలు సేకరించిపెట్టిన అన్నదమ్ములు వాళ్లు. వాళ్లలో బొర్రయ్య 1803లోనే, చిన్న వయసులో పోయాడు. రామస్వామి 1829లో దక్కను కవుల చరిత్రను ఇంగ్లీషులో అచ్చువేశాడు. మెకంజీ పోయాక ఆ సేకరణ పనిని కొనసాగిస్తానని లక్ష్మయ్య 1830ల్లో అడిగితే, ఏషియాటిక్ సొసైటీ కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్ ఆయన అందుకు తగడని తేల్చాడు. ఆ పనిలోనే బతుకు గడిపిన మనిషి గురించి చెప్పిన మాట అది.

ఈ ఉపన్యాసకుడు ఇప్పుడు చేస్తున్న పని ఇక్కడినుంచే మొదలైంది. పందొమ్మిదో శతాబ్దపు మొదటి యాభై ఏళ్లలో తెలుగు వ్యాకరణాలు, నిఘంటువులు, కావ్య ప్రతులు సిద్ధం చేసిన పండితులు, మునిషీలు, లేఖకుల పేర్ల సూచి ఒకటి తయారవుతోంది. ముందుమాటలు, కళాశాల జమాఖర్చులు, జీతాల పట్టీలు, సి. పి. బ్రౌన్ ఉత్తరాలు దీనికి వనరులు. బ్రౌన్ దగ్గర పనిచేసిన జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైత బ్రహ్మశాస్త్రి వంటివారు కొంత తెలుసు. తెలియనివారు ఎక్కువమంది.

పనిలో ఇబ్బంది పేర్లతోనే. మన ఇంటిపేరు ముందుంటుంది, ఇంగ్లీషు గుమాస్తా చివరి మాటను ఇంటిపేరనుకుంటాడు. దాంతో ఒకే మనిషి ఒక కాగితంలో అయ్యగా, మరో కాగితంలో శాస్త్రిగా, మూడో కాగితంలో ఊరి పేరుతో కనబడతాడు. లండన్ గ్రంథాలయ సూచికల్లో ఇప్పటికీ ఆ చీలిక ఉంది. జోన్స్ అనే పేరు కింద చుట్టరికం లేనివాళ్లందరూ ఒకచోట చేరితే, ఇక్కడ ఒకే మనిషి నాలుగు చోట్లకు చెదిరిపోయాడు. సూచిలో అందుకే ప్రతి పేరుకూ ఇంటిపేరు, ఊరు, చేసిన పని, పేరు దొరికిన కాగితం వేర్వేరు గడుల్లో చేరుతున్నాయి. రెండు కాగితాల్లోని మనిషి ఒకడే అని తేలేదాకా ఆ రెండింటినీ కలపడం లేదు.

అక్షరక్రమంలో సూచి మొదటి భాగం, అచ్చుల వరకు, రాతప్రతి దశకు వచ్చింది. మద్రాసు ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలోని బ్రౌన్ ప్రతుల చివరి పుటలు చూడాల్సి ఉంది. రాసినవాళ్లు తమ పేరు, ఊరు, తిథి వేసుకున్నది సాధారణంగా అక్కడే. మచిలీపట్నం, ఏలూరు, కడప, నెల్లూరు ప్రాంతాల కుటుంబాల్లో ఆనాటి కళాశాల నియామక పత్రాలో, జీతం రసీదులో ఉంటే ఫోటో తీసి పంపమని ఈ సభ ద్వారా కోరుతున్నాం. అసలు కాగితం ఇంట్లోనే ఉండవచ్చు. పంపినవారి పేరు ఆ పండితుడి పేరు పక్కన, అదే పుటలో అచ్చవుతుంది.